నాలుగు పేర్లు, రెండు గుక్కల నీళ్లు

హౌరా నుంచి వచ్చే రైలు ఘాట్‌శిలా దాటాక అమర్ పక్క సీటులోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. నేత చీర. చేతిలో అల్లిక సూదులు. ఒళ్లో సగం అల్లిన నీలం స్వెట్టరు. అది జూన్ నెల. జూన్‌లో స్వెట్టర్లు అల్లేవాళ్లను అమర్ నమ్మడు.

"బొగ్గు రేటు పెరిగిందా బాబూ?" అంది ఆవిడ సూదుల మీంచి చూపు తిప్పకుండా.

"బొగ్గు సంగతి తెలియదండీ. పొగ మాత్రం చవకే."

సూదులు ఆగాయి. కోడ్ సరిపోయింది.

ఆమె పేరు జగదాంబ. గూఢచారులను పట్టే ప్రభుత్వ విభాగంలో తూర్పు డెస్క్ చీఫ్. తొమ్మిదేళ్లుగా ఆమె దగ్గర పనిచేస్తున్నా అమర్‌కు ఆమె ఎప్పుడు ఏ వేషంలో వస్తుందో తెలియదు. ఫైళ్లలో అతడు ఏజెంట్ ఫార్టీవన్. లోకానికి మాత్రం నీళ్ల ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్.

"సువర్ణ లోహ పరిశోధనశాల," అంది జగదాంబ. "జంషెడ్‌పూర్. సిద్ధగోరా దగ్గర. తెలుసా?"

"తెలుసు మేడమ్. మా బావ అక్కడే పనిచేస్తాడు."

"అందుకే నువ్వు. జలాంతర్గామి ఒంటికి తొడిగే ఉక్కు పలక ఫార్ములా అక్కడి కంప్యూటర్ నుంచి పోయింది. ఎవరో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. నెట్‌లో పంపలేరు, లైన్లన్నీ మన కాపలాలో ఉన్నాయి. మనిషే పట్టుకెళ్లాలి. శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి సోనారి ఎయిరోడ్రోమ్ నుంచి చిన్న విమానం ఒకటి కోల్‌కతాకి వెళ్తుంది. అందులో నలుగురు విదేశీ కన్సల్టెంట్లు. పోయినవారం లాబ్ చూడ్డానికి వచ్చినవాళ్లు."

"నలుగురినీ వెతికితే సరి."

"వాళ్లు ప్రభుత్వ అతిథులు. ఢిల్లీ నాకు ఇచ్చింది ఒక్క మనిషి సంచి వెతికే అనుమతి. రెండో సంచి ముట్టుకుంటే నా కుర్చీ పోతుంది. ఆ నలుగురిలో నేహ అని ఒకమ్మాయి ఉంది. తను మన మనిషి. ఫార్ములా కాజేసిన విదేశీ ముఠా మాత్రం తమ మనిషి అనుకుంటోంది." జగదాంబ ఒక కుట్టు వేసింది. "ఆ అమ్మాయి తనని తాను ఎవరి మనిషి అనుకుంటోందో నాకూ తెలియదు."

తర్వాత ఆమె చెప్పిన విషయం అమర్‌కు నచ్చలేదు. ముఠా తరఫున సమాచారం చేరవేసే నలుగురు ఏజెంట్లు కోల్‌కతాలో పట్టుబడ్డారు. ఆ సంగతి ముఠాకి ఇంకా తెలియదు. వాళ్ల చాటింగ్ ఖాతాలు, పాస్‌వర్డులు మన చేతిలో ఉన్నాయి. బ్లూబర్డ్, టైగర్, శాంతి, నైన్. శుక్రవారం దాకా ఆ నలుగురూ బయటే ఉన్నట్టు, మామూలుగా కబుర్లు చెబుతున్నట్టు కనిపించాలి. అవతలి వైపు నుంచి వాళ్లతో మాట్లాడేవాళ్లు మరో నలుగురు. కాత్య, కెప్టెన్, గ్రీన్‌టీ, డాక్టర్. ఆ నలుగురి వెనక ఉన్నది ఎవరో కనిపెడితే పెన్‌డ్రైవ్ దొరుకుతుంది.

"లాబ్ లోపలి మనిషి అయి ఉండడానికీ అవకాశం ఉంది," అంది జగదాంబ. "అనుమానితుల లిస్టులో మొదటి పేరు ఆ కంప్యూటర్ గది తాళాలు ఉంచుకునే అటెండర్. అసిరయ్య."

అమర్ కిటికీ వైపు చూశాడు. అసిరయ్య అతని బావ. తల్లిదండ్రులు పోయాక అక్క చిలకమ్మతో పాటు అతన్ని పెంచినవాడు.

"శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి అతన్ని అదుపులోకి తీసుకుంటాం. ఆలోగా నువ్వు ఇంకొకరిని చూపించాలి. లేదా అతనేనని రుజువు చేయాలి." జగదాంబ సూదులు సంచిలో పెట్టుకుంది. "ఇలాంటి పని అయినవాళ్ల మీద వేయకూడదని రూలు ఉంది. కానీ ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాకుండా మంచం వేసుకుని పడుకోగలిగేది నువ్వొక్కడివే."

టాటానగర్ స్టేషన్లో రైలు ఆగేసరికి సీటు ఖాళీ. మీద ఒక నీలం దారం పోగు మాత్రం ఉంది.

* * *

బారిడీహ్‌లో చిలకమ్మ ఇల్లు రెండు గదుల క్వార్టరు. ముందు ఇనప గేటు, గేటు పక్కన మునగ చెట్టు. అమర్ బ్యాగు దింపేలోపే ఆమె ఎదురొచ్చింది.

"ఏటిరా తమ్ముడూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి? ఫోను సేత్తే మీటింగంతావు. నీళ్ల డబ్బాలమ్మేవోడికి మీటింగులేట్రా?"

"కంపెనీ వారం రోజులు ఇక్కడే పని వేసింది అక్కా."

"వారమేనా?" ఆమె మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. వచ్చిన క్షణంలోనే వెళ్లే రోజు లెక్క వేసుకునే మనిషి ఆమె.

అసిరయ్య పొద్దుటి షిఫ్టు ముగించుకుని నాలుగున్నరకు వచ్చాడు. ఆ షిఫ్టు రెండింటికే అయిపోతుంది. ఆ రెండున్నర గంటలూ ఎక్కడికి వెళ్లాడో అక్క అడగలేదు, అతడు చెప్పలేదు. అమర్ గమనించాడు.

"బావా, లాబ్‌లో అంతా ఠీక్ ఠాకేనా?"

"ఠీకేట్రా. సాబులొత్తారు, సాబులెల్తారు. నానే గది తాళం తీత్తాను, నానే ఏత్తాను. ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్క తాళంచెవి పోలేదు." మంచం మీద కూర్చుని చెప్పులు విప్పాడు. "మొన్న ఫారిన్ సాబులొచ్చినారు. ఒకాయన నీళ్లు కావాలన్నాడు, పరిగెట్టి తెచ్చిచ్చినాను. ఇచ్చినాక తాగలేదు! గ్లాసు పక్కన పెట్టేసినాడు."

అమర్ ఆ మాట విన్నాడు. అంతకంటే ఎక్కువగా బావ మొహం చూస్తూ ఉండిపోయాడు. అబద్ధం చెప్పేవాడి మొహం ఎలా ఉంటుందో అతనికి శిక్షణలో నేర్పారు. తనను భుజాల మీద ఎక్కించుకుని రథం చూపించిన మనిషి మొహంలో దాన్ని వెతకడం ఎలాగో నేర్పలేదు.

* * *

సిద్ధగోరాలో ఆదిబాబు సైబర్ కేఫ్ ఉంది. ప్లైవుడ్ గదులు ఏడు. ప్రతి గదిలో ఒకటే నోటీసు, ఏ ప్రోగ్రామూ డౌన్‌లోడ్ చేయరాదని. మెసెంజర్ ప్రోగ్రాములు దింపుకుని వైరస్‌లు పెడుతున్నారని ఆదిబాబు కోపం.

కానీ ఆ ఏడాది కొత్తగా వచ్చిన ఒక వెబ్‌సైటుకి డౌన్‌లోడ్ అక్కర్లేదు. పేజీ తెరిస్తే చాలు. మూడు వేర్వేరు కంపెనీల చాటింగ్ ఖాతాలు అదే పేజీలో, ఒకేసారి తెరుచుకుంటాయి. పేజీ మూసేస్తే కంప్యూటర్లో జాడ కూడా ఉండదు. ప్రేమించుకునే పిల్లలకూ గూఢచారులకూ అంతకన్నా ఏం కావాలి?

అమర్ నాలుగు పేర్లతో లోపలికి వెళ్లాడు. తెర మీద నాలుగు చిన్న పెట్టెలు. బ్లూబర్డ్ ప్రతిదానికీ ఎందుకు, ఎక్కడ అని అడిగే రకం. టైగర్ అన్నీ పెద్ద అక్షరాల్లో అరుస్తాడు. శాంతి 'ఊఁ' తప్ప ఏమీ అనదు. నైన్‌కి వాతావరణం తప్ప మాట లేదు. పాత సంభాషణలు చదివి అమర్ ఆ నలుగురి తీరూ ఒంటపట్టించుకున్నాడు. ఒక పెట్టెలో అరుస్తూ, పక్క పెట్టెలో మూలుగుతూ, మూడోదాంట్లో ఎండ గురించి వాపోతూ.

రెండున్నరకు అవతలి నాలుగు పేర్ల పక్కన, ఆన్‌లైన్‌లోకి వచ్చినట్టు, పచ్చ దీపాలు వెలిగాయి. ఒకదాని తర్వాత ఒకటి, నిమిషంలోపే.

కాత్య వార్సాలో చదువుకునే అమ్మాయినంది. ఫోటోలో ఎర్ర జుట్టు, చూసినవాడి ఉద్యోగం పోగొట్టేటంత నవ్వు. కెప్టెన్ రిటైరైన ఓడ కెప్టెన్. గ్రీన్‌టీ హాంకాంగ్ వ్యాపారి. డాక్టర్ ఏ ఊరివాడో చెప్పడు. మాటలన్నీ ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా. 'సరుకు సిద్ధం.' 'శుక్రవారం.' 'మీ వైపు అంతా బాగేనా?'

అన్నిటికీ అమర్ జవాబులిచ్చాడు. నలుగురి తరఫునా బాగేనన్నాడు.

మంగళవారం మూడు గంటలకు కాత్య 'వెళ్తున్నా, బై' అని టైపు చేసింది. బ్లూబర్డ్ ఆరాలు తీసే మనిషి. అందుకని అమర్ ఆ పెట్టెలో ఇంగ్లీషులో అడిగాడు.

'ఎక్కడికి?'

కాత్య దీపం ఆరిపోవాలి. ఆరలేదు. జవాబూ రాలేదు. ఒక నిమిషం. మూడు నిమిషాలు. పచ్చ దీపం అలాగే కన్నార్పకుండా వెలుగుతూ ఉంది. ఐదు నిమిషాల తర్వాత 'ఇప్పుడు సరే. బై' అని వచ్చింది. దీపం ఆరింది.

అమర్ అలాగే కూర్చుండిపోయాడు. వీపు మీద ఫ్యాను గాలి ఉన్నట్టుండి చల్లగా తగిలింది.

అది అతడు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. బయలుదేరే మనిషిని ఎక్కడికని వెనక నుంచి అడగకూడదు. ఎవరైనా అడిగారా, వెళ్లే పని చెడుతుంది. అందుకని ఆ మనిషి వెనక్కి వచ్చి, చేతిలోది కింద పెట్టి, కాసేపు కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరాలి. ఆ ఉదయమే బావ డ్యూటీకి గేటు దాటుతుంటే పక్కింటావిడ ఎక్కడికని అడిగింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎక్కడికి వెళ్తున్నాడో ఆవిడకు తెలియదా? అయినా బావ వెనక్కి వచ్చాడు, టోపీ తీసి మంచం మీద పెట్టాడు, కూర్చున్నాడు. అక్క గ్లాసుతో నీళ్లు ఇచ్చింది.

పదకొండేళ్ల కిందట అమర్ మొదటిసారి ఇల్లు వదిలి వెళ్తున్నప్పుడు, ఆ పట్టింపు ప్రాణంలా చూసుకునే అక్కే గేటు దాటాక వెనక నుంచి పిలిచింది. "ఎక్కడికిరా తమ్ముడూ?" అని. అతడు విసుక్కుంటూ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నీళ్లు తాగుతుంటే ఆమె ఎదురుగా నిలబడి చూసింది. చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. ఆమె మరచిపోయి పిలవలేదు. రెండు నిమిషాలు ఎక్కువ ఉంచుకోవడానికి పిలిచింది.

బుధవారం అతడు కెప్టెన్‌ని టైగర్ చేత అడిగించాడు. పెద్ద అక్షరాల్లో, ఎక్కడికని. ఐదు నిమిషాల మౌనం. గ్రీన్‌టీని అడిగించాడు. ఐదు నిమిషాలు. డాక్టర్ కూడా అంతే.

ఎనిమిది పేర్లు కబుర్లు చెప్పుకుంటున్నాయి. కుర్చీల్లో ఉన్నది ఇద్దరే. ఇవతల ఒకడు, అవతల ఒకడు. అవతలివాడు వార్సాలో పుట్టలేదు, హాంకాంగ్‌లో పెరగలేదు. ఏదో ఒక చిన్న ఇంట్లో ఎవరో అమ్మ చేతి నీళ్లు తాగి బయలుదేరడం నేర్చుకున్నవాడు.

మన వైపు మనిషి. రెండింటికి డ్యూటీ దిగి, రెండున్నరకు కంప్యూటర్ ముందు కూర్చోగల మనిషి.

* * *

ఆ సాయంత్రమే అమర్ ఫిల్టరు పెట్టె భుజాన వేసుకుని సోనారిలో కన్సల్టెంట్ల గెస్ట్‌హౌస్‌కి వెళ్లాడు. డెమో చూపించాలన్నాడు. చొక్కా గుండీలో కెమెరా.

నలుగురూ హాల్లో ఉన్నారు. చూడ్డానికి మనవాళ్లలాగే ఉన్నా నలుగురూ వేరే దేశాల్లో పుట్టి పెరిగినవాళ్లట. తెలుగు అసలు రాదట, హిందీ ఏవో నాలుగు ముక్కలట. డేవిడ్ పొట్టివాడు, ప్రతి మాటకూ తనే నవ్వుకునే రకం. సుదీప్ చెవి నుంచి ఫోను తీయడు. రాజ్ నెరిసిన గడ్డం మనిషి, లెస్టర్‌లో పుట్టాడట, పక్కన పెద్ద స్టీలు ఫ్లాస్కు.

"ఫిల్టరు నీళ్లు రుచి చూడండి సర్," అన్నాడు అమర్ ఇంగ్లీషులో.

"నా ఫ్లాస్కు నాకుంది," అన్నాడు రాజ్ మర్యాదగా. "బయటి నీళ్లు పడవు."

నేహ గ్లాసు అందుకుంది. నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, నీళ్లు తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ మెల్లగా హిందీలో అంది, "సరుకు మాలో ఎవరి దగ్గరుందో నాకూ చెప్పలేదు. వాళ్లకి నా మీదా నమ్మకం లేదు." తర్వాత ఇంకా మెల్లగా, "మీ బావ గురించి విన్నాను. సారీ."

బావ గురించి ఆమెకెవరు చెప్పారు? అమర్ ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె అప్పటికే కళ్లద్దాలు దించేసుకుంది.

గురువారం రెండింటికి అతడు లాబ్ గేటు ఎదురుగా చెరుకు రసం బండి వెనక నిలబడ్డాడు. అసిరయ్య బయటికి వచ్చి ఇంటివైపు తిరగలేదు. సైకిలెక్కి ఆగ్రికో పేట వైపు తొక్కాడు. అమర్ ఆటోలో వెంబడించాడు. మార్కెట్ సందులో ఒక ఇంటర్నెట్ షాపు ముందు సైకిలు ఆగింది.

మూడూ ఐదుకి ప్లైవుడ్ సందులోంచి అమర్ చూశాడు. బావ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తున్నాడు. తెర మీద అదే వెబ్‌సైటు. రెండు పెట్టెలు. రెండు వేర్వేరు పేర్లు.

మందులు కొనడం కూడా పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లే మనిషి, భార్యకు చెప్పకుండా రెండు పేర్లతో చాటింగ్ చేస్తున్నాడు.

అమర్ లోపలికి వెళ్లి అడగొచ్చు. భుజం మీద చేయి వేసి, ఏమిటి బావా ఇది అనొచ్చు. అడిగితే కేసు బయటపడుతుంది. అడగకపోతే... అతడు వీధి చివరికి నడిచి వెళ్లి రిపోర్టు పంపాడు. చూసింది చూసినట్టు. టైము, షాపు, రెండు పెట్టెలు, రెండు పేర్లు. కింద సంతకం, ఫార్టీవన్.

ఆ సాయంత్రం అక్క అన్నం పెడుతూ అడిగింది. "ఏటిరా అలాగున్నావు? ఆ కేఫులో కూకొని ఎవులో పిల్లతో మాటాడతన్నావని ఆదిబాబు సెప్పినాడు. ఎర్ర జుట్టంట! మనోళ్లలో నల్ల జుట్టు పిల్లలు నేరేట్రా?"

బావ పకపకా నవ్వాడు. అమర్ వాచీ చూసుకుని ముద్ద కలిపాడు.

* * *

శుక్రవారం రెండింటికి లాబ్ గేటు దగ్గర అసిరయ్యను సెక్యూరిటీ ఆఫీసులోకి తీసుకెళ్లారు. ఫోను తీసుకున్నారు. అమర్ ఆ వార్త ఆదిబాబు కేఫ్‌లో, నాలుగు పెట్టెల ముందు కూర్చుని విన్నాడు.

కేసు అయిపోయినట్టే. బావ సెక్యూరిటీ గదిలో ఉన్నాడు గనక అవతల ఇక ఏ దీపమూ వెలగదు. తన పని, వెలగలేదని రాసి సంతకం పెట్టడమే. రెండున్నర దాటింది. మూడు దాటింది. తెర మీద నాలుగు దీపాలూ బూడిద రంగులోనే ఉన్నాయి. అమర్ ఆ బూడిద చుక్కల వైపు, బతిమాలుతున్నట్టు చూస్తూ ఉన్నాడు.

మూడూ ఇరవైకి కాత్య దీపం పచ్చగా వెలిగింది.

'అంతా సిద్ధం. ఎగురుతున్నా. బై.'

అమర్ బ్లూబర్డ్ పెట్టెలో టైపు చేశాడు. 'ఎక్కడికి?'

దీపం ఆరలేదు. ఒక నిమిషం. రెండు. బావ ఫోను లేకుండా, కంప్యూటర్ లేకుండా సెక్యూరిటీ వాళ్ల ఎదుట కూర్చుని ఉన్నాడు. ఇక్కడ కాత్య బుద్ధిగా కూర్చుని ఎక్కడో నీళ్లు తాగుతోంది.

"ఆదిబాబూ, స్కూటరు తాళం!"

"ఎక్కడికి?" అన్నాడు ఆదిబాబు అలవాటుగా.

జీవితంలో మొదటిసారి అమర్ ఆ మాట విని ఆగలేదు.

ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని ఫోను చెవికి ఆనించాడు. "మేడమ్, బావ కాదు!"

"మరి ఎవరు?" జగదాంబ గొంతు.

"నలుగురిలో ఒకరు. ఎవరో ఇంకా తెలియదు."

"ఒక్క సంచి, ఫార్టీవన్. తప్పు మనిషిని పట్టుకుంటే విమానం వెళ్లిపోతుంది. అప్పుడు నా దగ్గర మిగిలేది మీ బావే. నువ్వు రాసిన రిపోర్టే."

సాక్చీ చౌరస్తా దగ్గర ట్రక్కుల వరస. ఇనప కడ్డీలు రోడ్డు మీదికి వేలాడుతూ దారి ఇవ్వవు. బిష్టుపూర్ దాటేసరికి నాలుగుకు పది. ఎయిరోడ్రోమ్ గేటు దగ్గర గార్డు జగదాంబ మాట ప్రకారం లోపలికి వదిలాడు. అమర్ గోడకు తగిలించి ఉన్న ఖాకీ చొక్కా వేసుకున్నాడు. చీపురు అందుకున్నాడు. నాలుగూ నాలుగు.

చిన్న తెల్ల విమానం, ప్రొపెల్లర్ తిరగడం మొదలైంది. నలుగురూ వరసగా నడుస్తున్నారు. ముందు డేవిడ్, వెనక సుదీప్, తర్వాత నేహ, చివర రాజ్. నలుగురి చేతుల్లో నాలుగు సంచులు. ఎవరిది?

తెలుగులో పిలిస్తే? అంత దూరం నటించి వచ్చినవాడు తెలుగు విని తల తిప్పడు. భాషను దాచుకోవడం నేర్చుకునే వచ్చి ఉంటాడు. కానీ ఆ ఐదు నిమిషాల మౌనం భాషకు సంబంధించింది కాదు. ఇంగ్లీషులో అడిగినా వాడు ఆగాడు.

అమర్ చీపురు కింద కొట్టి, ఊడ్చేవాడి గొంతుతో గట్టిగా హిందీలో అరిచాడు.

"సాబ్! కహాఁ జా రహే హైఁ?"

డేవిడ్ వెనక్కి తిరిగి నవ్వాడు, "కోల్‌కతా, భయ్యా!" అని చేయి ఊపి మెట్లెక్కాడు. సుదీప్ చెవి దగ్గర ఫోను, విననే లేదు. నేహ ఆగింది. నల్లద్దాల వెనక ఆమె ఎటు చూస్తోందో తెలియలేదు. ఆమె చేయి సంచి జిప్పు మీదికి వెళ్లింది. అమర్ చూపు ఒక్క క్షణం ఆమె దగ్గర ఆగింది. జిప్పులోంచి జేబు రుమాలు వచ్చింది. ఆమె చెమట తుడుచుకుని మెట్లెక్కింది.

రాజ్ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు.

మెట్టు మీంచి కాలు తీశాడు. అటూ ఇటూ చూశాడు. వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు చేతులు పోనిచ్చాడు. ఆ బూట్లకు లేసులు లేవు. తర్వాత తనలో తనే ఏదో తేల్చుకున్నట్టు, నాలుగడుగులు వెనక్కి వేసి, షెడ్డు గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. సంచి కింద పెట్టాడు. పెద్ద స్టీలు ఫ్లాస్కు మూత తిప్పి నీళ్లు తాగాడు.

రెండు గుక్కలు. మూడో గుక్కకి ఫ్లాస్కు ఖాళీ.

అంత పెద్ద ఫ్లాస్కులో రెండు గుక్కల నీళ్లే పట్టాయంటే మిగతా చోటంతా దేనికి?

అమర్ చీపురు వదిలేసి వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా కింద నుంచి పిస్తోలు మొన రాజ్ పక్కటెముకలకు ఆనించాడు.

"తాగీసినారా బాబూ?" అన్నాడు తెలుగులో. "ఇంక ఎల్దాం రండి."

ఫ్లాస్కు అడుగు మర తిప్పితే ఊడింది. లోపల దూదిలో చుట్టిన పెన్‌డ్రైవ్. పాస్‌పోర్టులో పేరు రాజ్. వేలిముద్రల్లో పేరు పన్నెండేళ్ల కిందట మాయమైన బంగారురాజు. సొంతవూరు టెక్కలి పక్కన.

"ఆ అటెండరు పిలిస్తే పలికే మంచోడు," అన్నాడు బంగారురాజు జీపెక్కుతూ. "నీళ్లన్నాను, గది వదిలి పరిగెట్టాడు. ఐదు నిమిషాలు చాలాయి." ఫ్లాస్కు వైపు చూసి, "మా అమ్మ పోయి పదేళ్లయింది. ఒక్కసారైనా ఈ పట్టింపు తప్పితే ఆవిడకేదో అవుతుందని ఇంకా భయం. పోయినావిడకి ఇంకేమవుతుంది?"

అమర్ జీపు తలుపు వేశాడు.

నాలుగూ పదికి విమానం ముగ్గురితో లేచింది. నేహ కిటికీలోంచి చేయి ఊపిందో, కళ్లద్దాలు సర్దుకుందో తెలియలేదు.

* * *

అసిరయ్య ఐదున్నరకు ఇల్లు చేరాడు. దింపడానికి వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు అమర్‌కు సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు. చిలకమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. అసిరయ్య ఆమెను లోపలికి పంపి, మంచం మీద అమర్ పక్కన కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా మీద ఎవులో కాయితం రాసినారంట్రా. ఆగ్రికో షాపులో మూడూ ఐదుకి నన్ను సూసినారంట. రెండు పేర్లతో మాటాడతన్నానంట."

అమర్ తల వంచుకున్నాడు.

"అంత టైము పెట్టి సూసేవోడు మా బస్తీలో ఎవులున్నారా అనుకున్నాను. వాచీ సూసుకొని అన్నం తినేవోడు మా ఇంట్లోనే ఉన్నాడు." అసిరయ్య గొంతులో కోపం లేదు. అదే భరించలేకుండా ఉంది. "సూసింది సూసినట్టు సెప్పడం తప్పు కాదురా. ఉజ్జోగమే అదయినప్పుడు. నీళ్ల డబ్బాలమ్మేవోడికి సెక్యూరిటీ ఆఫీసరు సెల్యూటెందుకు కొడతాడో నానడగను. కానీ లోపలికొచ్చి, ఏటి బావా అని ఒక్క మాట అడిగుంటే బాగుండును."

"అడగాల్సింది బావా," అన్నాడు అమర్. "అడగాల్సింది." తర్వాత, "ఇంతకీ... ఆ రెండు పేర్లూ ఎవరివి?"

అసిరయ్య వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఒక పేరు నీదే. రాయగడలో ఒక సంబంధముంది. పిల్ల శ్వేత, టీచరు. దాని అయ్య ఆ చాటింగులోకొత్తాడు. నీ పేరుతో నానే మాటాడతన్నాను."

"మరి రెండోది?"

"పక్కింటోడు." అసిరయ్య మొహం ఎర్రబడింది. "పెళ్లికొడుకు తన గురించి తనే సెప్పుకుంటే బాగుంటాదేట్రా? పక్కింటోడు మెచ్చుకోవాల. కుర్రోడు బంగారం, అబద్ధమాడడు, ఇంటి మీద పేణం అని నానే రాత్తన్నాను."

అమర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఇంకేదో వచ్చింది. బావ అతని వీపు మీద చేత్తో ఒక్కటి చరిచాడు. చిన్నప్పుడు పొలమారితే చరిచినట్టే.

ఆరున్నర రైలు. జగదాంబ కొత్త పని పెట్టుకుని హౌరాలో ఎదురుచూస్తోంది. అమర్ బ్యాగు భుజాన వేసుకుని, అక్క కాళ్లకు దండం పెట్టి, గేటు దాటాడు. బావ ఆటో పిలిచాడు. అమర్ జేబులో ఫోను మోగింది. తీశాడు.

అప్పుడే వెనక నుంచి వినిపించింది.

"ఎక్కడికిరా తమ్ముడూ?"

పదకొండేళ్ల తర్వాత. చిలకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికే ఆమె చేతిలో నీళ్ల గ్లాసు ఉంది.

"ఫార్టీవన్," అంది ఫోనులో జగదాంబ, "బయలుదేరావా?"

"బయలుదేరాను మేడమ్," అన్నాడు అమర్ మంచం మీద బ్యాగు దింపుతూ. "మళ్లీ కూర్చున్నాను."